మన పేజీ మనవాళ్ళకు కనపడాలంటే
(మహాసభల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గదికి ఎదురుగా ఉన్న పెద్ద హాల్లో సినిమా తారలతో ముఖాముఖి జరుగుతోంది. పక్క గదిలో ఇమ్మిగ్రేషను లాయరు గారు కూర్చున్నారు. ఆ రెండూ వదులుకుని "వెబ్‌సైటును సెర్చి ఇంజన్లలో పైకి తీసుకురావడం ఎలా" అన్న ప్రసంగానికి ఇంతమంది వచ్చారంటే, మీలో చాలామంది ఏదో ఒక ఊరి తెలుగు సంఘానికి వెబ్‌సైటు చూసే వాలంటీర్లై ఉండాలి. లేదా లంచికి ఇంకా టైముండి ఉండాలి. ఎలా వచ్చినా సంతోషమే.

నేను ఈ విద్యలో పండితుణ్ణి కాను. నా ఉద్యోగం డేటాబేసుల మీద. 2009లో మా ఊరి తెలుగు సంఘం వెబ్‌సైటు నా నెత్తిన పడింది. "వీడికి కంప్యూటర్లు తెలుసు" అన్నది ఒక్కటే అర్హత. కార్యవర్గాలు మారాయి, అధ్యక్షులు మారారు, ఆ బాధ్యత మాత్రం నన్ను వదల్లేదు. అందుకని నేను చెప్పబోయేది పుస్తకంలో చదివింది తక్కువ, దెబ్బలు తిని నేర్చుకున్నది ఎక్కువ.

2017 జనవరిలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. మా ఊరికి రెండున్నర గంటల దూరంలో ఉన్న యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్న కుర్రాడు. మంచు రోడ్డు మీద కారు జారి అతని రూమ్మేటు చనిపోయాడు. పోయి అప్పటికి మూడో రోజు. తల్లిదండ్రులు గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూళ్ళో ఉన్నారు, ఇంటినిండా జనం, గంటకోసారి ఈ పిల్లాడికి ఫోను చేసి "బాబూ, ఎప్పుడు పంపిస్తారు?" అని అడుగుతున్నారు. ఇతనికి ఇరవై మూడేళ్ళు. ఆసుపత్రివాళ్ళు ఏదో అంటున్నారు, కౌంటీ ఆఫీసువాళ్ళు ఇంకేదో అంటున్నారు, డబ్బు ఎంతవుతుందో తెలియదు, ఎవరిని అడగాలో తెలియదు. చివరికి స్నేహితుడి బాబాయికి తెలిసినవారి ద్వారా నా నంబరు దొరికింది.

మిగతా పని మా వాళ్ళకు అలవాటే. మా సంఘంలో దీనికి ఒక చిన్న బృందం ఉంది. ఏ ఫ్యూనరల్ హోము ఇలాంటివి చేస్తుందో, మరణ ధ్రువపత్రం, ఎంబామింగు పత్రం, అంటురోగం లేదన్న లేఖ, రద్దు చేయించాల్సిన పాస్‌పోర్టు – ఇవన్నీ ఏ వరసలో సంపాదించి కాన్సులేటుకు పంపాలో వాళ్ళకు కంఠస్థం. మర్నాడు ఉదయానికే పని మొదలైంది, ఆ అబ్బాయి భౌతికకాయం ఊరు చేరింది.

అదంతా అయ్యాక, ఆ కుర్రాడు నాకు కృతజ్ఞతలు చెప్పడానికి ఫోను చేసి, చివర్లో చాలా మర్యాదగా ఒక మాట అడిగాడు. "అంకుల్, మీ దగ్గర ఇలాంటి సాయం ఉందని ఎక్కడా రాయలేదేంటి?"

రాశామండీ. మూడేళ్ళుగా మా వెబ్‌సైటులో ఆ పేజీ ఉంది. ఎంతో శ్రద్ధగా, రంగురంగుల ఫ్లయరు చేయించి మరీ పెట్టాం. ఆ కుర్రాడు మూడు రాత్రులు గూగుల్లో వెతికితే ఒక్కసారి కూడా అది కనపడలేదు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ పేజీ గురించే.

ఎందుకు కనపడలేదో చెప్పాలంటే సెర్చి ఇంజను ఏం చేస్తుందో రెండు ముక్కలు చెప్పాలి. మనం వెతికినప్పుడు అది ప్రపంచంలోని వెబ్‌సైట్లన్నీ అప్పటికప్పుడు తిరిగి రాదు. ముందే తిరిగి, ఒక్కొక్క పేజీలో ఏయే మాటలున్నాయో రాసిపెట్టుకుంటుంది. పాత శతకాల, ప్రబంధాల ముద్రణల్లో చివర పద్యాల అకారాది సూచిక ఉంటుంది కదా, పద్యం మొదటి మాట గుర్తుంటే చాలు, పేజీ దొరుకుతుంది. ఇదీ అలాంటిదే, కాకపోతే మొదటి మాటకే కాదు, ప్రతి మాటకూ. తిరగడానికి దానికి దారి కావాలి. ఒక పేజీలోంచి ఇంకో పేజీకి ఉన్న లింకే ఆ దారి. ఎవరూ లింకు ఇవ్వని పేజీ ఊరి బయట మట్టిరోడ్డు కూడా లేని ఇల్లు లాంటిది.

సరే, సూచిక తయారైంది. ఒక మాటకు లక్ష పేజీలు దొరికితే ఏది ముందు చూపాలి? 1995లో వచ్చిన ఆల్టావిస్టా లాంటి ఇంజన్లు ప్రధానంగా పేజీలో ఉన్న మాటలనే చూసేవి. తరువాత స్టాన్‌ఫర్డ్‌లో లారీ పేజ్, సెర్గే బ్రిన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు వేరే దారి పట్టారు. ఒక పేజీ తన గురించి తాను చెప్పుకునేదానితో పాటు, దాని గురించి ఇతర పేజీలు ఏమంటున్నాయో కూడా చూడాలన్నారు. ఆ లెక్కకు పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టారు.

మనకిది కొత్తేం కాదు. సంబంధం వచ్చినప్పుడు మనం చేసేది ఇదే. అబ్బాయి తరఫువాళ్ళు "మావాడు బంగారం" అంటారు, ఎవరైనా అంటారు. మనం వెళ్ళి వాకబు చేస్తాం. ఎవరు చెప్పారన్నది చూస్తాం. ఊళ్ళో పరువున్న మాస్టారు ఒక్కడు "మంచి కుర్రాడండీ" అంటే, టీకొట్టు దగ్గర పదిమంది అన్నదానికంటే ఎక్కువ. ఆ మాస్టారికి పరువెలా వచ్చింది? ఆయన్ని ఇంకా నలుగురు పరువుగలవాళ్ళు గౌరవిస్తారు గనక. పేజ్‌ర్యాంక్ లెక్క కూడా ఇలాగే చుట్టూ తిరిగి తేలుతుంది. ఇప్పుడు గూగుల్ చూసే గుర్తులు ఇంకా చాలా ఉన్నాయి, ఈ పద్ధతి వాటిలో ఒకటి.

ఈ వాకబు వ్యవహారం తెలిశాక మన బుర్రకు మొదట వచ్చే ఆలోచన ఏమిటి? నలుగురు దొంగ సాక్షుల్ని పెడదామని! మా సంఘమూ అదే పని చేసింది, దాచుకోవడం దేనికి.

2011లో మా కోశాధికారికి ఒక కంపెనీ నుంచి ఈమెయిలు వచ్చింది. "ముప్ఫై రోజుల్లో మీ సైటు గూగుల్లో మొదటి స్థానం, గ్యారంటీ." కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి వంద ఉన్నాయి. ఆ సంవత్సరం మా బాంక్వెట్ టిక్కెట్లు అమ్ముడుపోలేదు, అందరూ ఆందోళనలో ఉన్నారు. డబ్బు కట్టాం. నెల తిరిగేసరికి నిజంగానే పైకి వచ్చాం! కార్యవర్గ సమావేశంలో నాకు చప్పట్లు కూడా కొట్టారు. ఏం చేశారో మేం అడగలేదు.

2012 ఏప్రిల్లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. కొనుక్కున్న లింకుల్ని, కృత్రిమంగా పుట్టించిన లింకుల్ని పట్టుకోవడానికే అది. మా సైటు ఎక్కడికి పోయిందో కనపడలేదు. మా ఊరి పేరూ తెలుగు సంఘం అన్న మాటా కలిపి కొట్టినా మేం రావడంలేదు! దాని వెనకే గూగుల్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో ఒక నోటీసు – మీ సైటుకు వస్తున్న లింకులు సహజంగా లేవు అని. అప్పుడు కూర్చుని చూస్తే తెలిసింది, మాకు సాక్ష్యం చెప్పిన పెద్దమనుషులెవరో. జూదం సైట్లు, మందులమ్మే సైట్లు, ఎవరూ చదవని డైరెక్టరీలు. దసరా పూజ వివరాలకు జూదశాల నుంచి సిఫారసు! ఆ ఏడాది అక్టోబరులో గూగుల్ "ఈ లింకులతో మాకు సంబంధం లేదు" అని చెప్పుకునే సాధనం ఇచ్చింది. అది వాడి, లింకులు తీసెయ్యమని ఆ సైట్లన్నిటికీ ఉత్తరాలు రాసి, గూగుల్‌కు క్షమాపణ లాంటి అర్జీ పెట్టి, మళ్ళీ మనుషుల్లో పడేసరికి చాలా నెలలు పట్టింది. లింకులు పెట్టడానికి కట్టినదానికంటే తీయించడానికి ఎక్కువ కష్టపడ్డాం.

మేం చిన్నవాళ్ళం కాబట్టి దొరికామనుకోకండి. 2006లో బీఎండబ్ల్యూ కంపెనీ జర్మన్ వెబ్‌సైటును గూగుల్ కొన్నాళ్ళపాటు తన జాబితా నుంచి తీసేసింది. సెర్చి ఇంజనుకు ఒక పేజీ, మనుషులకు ఇంకో పేజీ చూపించారన్నది ఆరోపణ. 2011లో జేసీపెన్నీ ఇలాగే, బయట పుట్టించిన లింకులతో ఎన్నో వస్తువులకు మొదటి స్థానంలో ఉందని న్యూయార్క్ టైమ్స్ బయటపెడితే, రోజుల్లో కిందికి జారిపోయింది. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో అవే మాటలు వందసార్లు రాసే కిటుకు ఇంకా పాతది, ఇప్పటికీ అది చేద్దామని నాకు చెప్పేవాళ్ళున్నారు. కీవర్డ్స్ మెటా ట్యాగు అని ఇంకొకటి. ర్యాంకింగుకు దాన్ని లెక్కలోకి తీసుకోవడంలేదని 2009లోనే గూగుల్ బహిరంగంగా చెప్పింది. అయినా దాన్ని నింపడానికి డబ్బు తీసుకునేవాళ్ళు ఉన్నారు, ఇచ్చేవాళ్ళూ ఉన్నారు.

మళ్ళీ మన పేజీ దగ్గరకు వద్దాం. 2017లో మా సైటు మీద శిక్షలేమీ లేవు. లింకులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా ఆ కుర్రాడికి కనపడలేదు. అతన్ని ఒక సాయం అడిగాను. "బాబూ, ఆ మూడు రోజులూ ఏమేం మాటలు కొట్టి వెతికావో నీ ఫోన్లో ఉంటుంది, అభ్యంతరం లేకపోతే నాకు పంపుతావా?" అని. పంపాడు. ఇంగ్లీషులో వెతికాడు, నేను తెలుగులో చెబుతాను.

మొదటి రాత్రి: అమెరికాలో ఇండియన్ స్టూడెంట్ చనిపోతే ఏం చెయ్యాలి. డెడ్ బాడీ ఇండియాకి పంపడం ఎలా. ఎంత ఖర్చు. తరువాత: పోస్ట్‌మార్టం ఎన్ని రోజులు. ఇన్సూరెన్స్ లేకపోతే బాడీ పంపిస్తారా. రెండో రోజు: మా పక్క ఊరి పేరు కొట్టి, ఇండియన్ ఫ్యూనరల్ హోమ్. దగ్గర్లో తెలుగువాళ్ళ సాయం. మూడో రోజు తెల్లవారుజామున మూడింటికి: స్నేహితుడు చనిపోతే వాళ్ళ అమ్మతో ఎలా మాట్లాడాలి.

ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది.

ఇప్పుడు మా పేజీ పేరు వినండి. "ఆపన్నహస్తం". మా సంఘంలో ఒక కవిగారు పెట్టారు, చాలా మంచి మాట. దాని కింద ఉపశీర్షిక "సేవా విభాగం ప్రత్యేక కార్యక్రమం". రూమ్మేటు చనిపోయిన ఇరవై మూడేళ్ళ కుర్రాడు "ఆపన్నహస్తం" అని ఎందుకు కొడతాడండీ? ఆ మాట అతనికి తెలిసి ఉండకపోవచ్చు కూడా. ఆ పేజీలో "చనిపోవడం" అన్న మాట లేదు, "డెడ్ బాడీ" లేదు. అశుభం కదా, దీపావళి ప్రకటన పక్కన ఉండే పేజీ. "అనుకోని విపత్కర పరిస్థితులలో" అని రాశాం. ఊళ్ళ పేర్లు లేవు, మాది ఏ ఊరో అందరికీ తెలుసన్న ధీమా. పైగా ఇదంతా ఒక పెద్ద బొమ్మ. ఫోను నంబరు కూడా బొమ్మలోనే. బొమ్మల్లో అక్షరాలు గుర్తుపట్టే పరిజ్ఞానం ఇవాళ ఉంది, స్కాన్ చేసిన కాగితాల్ని కూడా కొంతవరకు చదువుతున్నారు, అయినా అసలు విషయమంతా బొమ్మలో పెట్టి దాన్ని నమ్ముకోకూడదు. బ్రౌజరు పైన కనపడే టైటిలు, గూగుల్ ఫలితాల్లో నీలంగా కనిపించేది సాధారణంగా అదే, మా పేజీకి ఏముందో తెలుసా? "హోమ్". మా సైటులో అన్ని పేజీల టైటిలూ "హోమ్". ఎనిమిదేళ్ళుగా దాన్ని చూస్తున్నవాణ్ణి నేనే.

అప్పుడు ఆ పేజీ మళ్ళీ రాశాం. ఆ కుర్రాడి ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు తీసుకున్నాం. ఒక్కొక్క ప్రశ్న ఒక శీర్షిక, దాని కింద సూటిగా జవాబు. మొదట ఎవరికి ఫోను చెయ్యాలి, ఏ కాగితాలు ఏ వరసలో, కాన్సులేటు పాత్ర ఏమిటి, శవపరీక్ష జరిగితే ఎందుకు ఆలస్యమవుతుంది. టైటిల్లో "డెడ్ బాడీ" అన్న మాటా, మా రాష్ట్రం పేరూ ఉండాలని నేను పట్టుబట్టాను. కార్యవర్గంలో గొడవైంది. ఒక పెద్దాయన, నాకు చాలా గౌరవమున్న మనిషి, "పార్థివదేహం అనండి, కనీసం భౌతికకాయం అనండి, మనం ఇలా రాయకూడదు" అన్నారు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. నేను ఆ ఫోను జాబితా చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "లోపల రాసేటప్పుడు మర్యాదగా రాయండి, పైన మాత్రం వాళ్ళు అడిగినట్టే పెట్టండి" అన్నారు. అలాగే చేశాం. "ఆపన్నహస్తం" కూడా తీసెయ్యలేదు, పేజీ అడుగున బృందం పేరుగా ఉంది.

ఇంకో సంగతి తరువాత తట్టింది. వెతికేది ఇక్కడి పిల్లలొక్కరే కాదు, అక్కడ ఊళ్ళో అన్నో మేనమామో కూడా వెతుకుతారు. వాళ్ళు తెలుగులో వెతుకుతారు. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగులో మాట్లాడి వెతికే సదుపాయం కూడా ఇచ్చింది, టైపు చెయ్యడం రానివాళ్ళు సైతం ఫోనుకు నోటితో చెబుతున్నారు. అందుకని అదే పేజీ తెలుగులో ఇంకొకటి రాశాం, మాట్లాడుకునే తెలుగులో. రెండూ ఒకే విషయానికి రెండు భాషల రూపాలని సెర్చి ఇంజనుకు చెప్పే ఒక చిన్న గుర్తు ఉంది, అదీ పెట్టాం.

తరువాత సాక్షులు కావాలి. ఈసారి అసలైనవాళ్ళు. చుట్టుపక్కల నాలుగు యూనివర్సిటీల భారతీయ విద్యార్థి సంఘాలకు వెళ్ళి అడిగాం, మీ కొత్త విద్యార్థుల పేజీలో మా పేజీకి ఒక లింకు ఇవ్వండని. ఒక యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు కూడా ఇచ్చింది. గుడివాళ్ళు ఇచ్చారు. పక్క రాష్ట్రాల తెలుగు, తమిళ, కన్నడ సంఘాలు ఇచ్చాయి, మేం వాళ్ళకిచ్చాం. ఎవరికీ పైసా ఇవ్వలేదు. ఎందుకిచ్చారంటే ఆ పేజీ వాళ్ళ పిల్లలకు పనికొస్తుంది గనక. నాలుగు నెలల తరువాత, మా రాష్ట్రం పేరుతో ఆ ప్రశ్న వేస్తే మా పేజీ మొదటి తెరలో కనపడటం మొదలైంది. ఆ కంపెనీకి ముప్ఫై రోజులు పట్టింది, మాకు నాలుగు నెలలు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే బాగుండేది. మన సంఘాలకు రెండేళ్ళకో కార్యవర్గం వస్తుందన్న సంగతి మీకు తెలుసు. కొత్త కార్యవర్గం రాగానే చేసే మొదటి పని కొత్త వెబ్‌సైటు! పాతదాంట్లో పాత అధ్యక్షుల ఫొటో ఉంటుంది కాబట్టి. నవ్వకండి, మీ సంఘంలోనూ ఇంతే. 2019లో మా వాళ్ళూ చేశారు. కొత్త సైటు బ్రహ్మాండంగా ఉంది. నెల తరువాత చూసుకుంటే గూగుల్లో మేం పూర్తిగా మాయం. రెండు తప్పులు జరిగాయి. ఒకటి, సైటు తయారీలో ఉండగా బయటికి కనపడకూడదని "సెర్చి ఇంజన్లు దీన్ని చేర్చుకోవద్దు" అన్న గడిలో టిక్కు పెట్టారు, ప్రారంభోత్సవం రోజు తీయడం మర్చిపోయారు. గృహప్రవేశం చేసి వీధి తలుపుకు తాళం వేసుకున్నట్టు. రెండోది, పేజీల చిరునామాలన్నీ మారిపోయాయి. ఆ విద్యార్థి సంఘాలు, గుళ్ళు ఇచ్చిన లింకులన్నీ "పేజీ లేదు" అన్న చోటికి పోతున్నాయి. ఇల్లు మారితే పోస్టాఫీసులో అడ్రసు మార్పు ఇస్తాం కదా, వెబ్‌సైటుకూ అది ఉంది, 301 రీడైరెక్టు అంటారు. పాత చిరునామాకు వచ్చినవాళ్ళను కొత్తదానికి శాశ్వతంగా మళ్ళిస్తుంది. ఒక సాయంత్రం పని. ఎవరూ చెయ్యలేదు. నేను ఆ నెల ఇండియాలో ఉన్నాను, అది సాకు కాదనుకోండి.

ఇంకా ఘోరం చెబుతాను. ఒక సంఘం డొమైను పేరు ఎప్పుడో ఒక మాజీ అధ్యక్షులవారి సొంత క్రెడిట్ కార్డు మీద కొన్నారు. ఆయన ఊరు మారారు, కార్డు గడువు తీరింది, రెన్యువలు నోటీసులు ఎవరూ చూడని ఈమెయిలుకు వెళ్ళాయి. ఇరవై ఏళ్ళ పేరు ఎవడో కొనుక్కున్నాడు. ఇవాళ ఆ చిరునామా కొడితే ఏమొస్తుందో పిల్లల ముందు చెప్పలేను. దయచేసి ఇంటికెళ్ళగానే మీ డొమైను ఎవరి పేరు మీద ఉందో, గడువు ఎప్పుడో చూసుకోండి. ర్యాంకింగు సంగతి తరువాత.

ఇప్పుడు తెలుగు అక్షరాల సంగతి. ఇది నా మనసుకు దగ్గరిది, కాస్త ఓపిక పట్టండి.

మనం ఇంటర్నెట్టులోకి వచ్చిన తొలిరోజుల్లో తెలుగు ఎలా రాసుకున్నామో ఇక్కడున్న పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో, ఆర్‌టీఎస్ పద్ధతిలో. తరువాత తెలుగు పత్రికలు వెబ్‌సైట్లు పెట్టాయి, ఒక్కొక్కరిదీ ఒక్కో ఫాంటు. తెర మీద తెలుగులా కనిపించేది, లోపల ఉన్నది మాత్రం ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గజిబిజి. సెర్చి ఇంజను చూసేది లోపలి దాన్నే. అంటే అన్ని సంవత్సరాల తెలుగు రాత సెర్చి ఇంజన్లకు తెలుగుగా కనపడనే లేదు. యూనికోడులో తెలుగుకు 1991 నుంచీ చోటుంది, కానీ అది మన ఇళ్ళలోకి వచ్చింది 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చాకనే. ఆ తరువాత 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారే, ఆ రకరకాల ఫాంట్లను యూనికోడులోకి మార్చే పద్మ అనే ఉపకరణం చేశారు. వీవెన్ గారి లేఖిని వచ్చాక, తెలుగు కీబోర్డు తెలియనివాళ్ళు కూడా యూనికోడులో రాయడం మొదలుపెట్టారు. వీళ్ళెవరూ ర్యాంకింగు కోసం చెయ్యలేదు. తెలుగు వికీపీడియా పేజీలు ఇవాళ వెతుకులాటలో పైన కనపడుతున్నాయంటే, యూనికోడులో ఉండటం, సూటిగా ఉన్న శీర్షికలు, ఒక పేజీ నుంచి ఇంకోదానికి లింకులు – ఇవన్నీ అక్కడ సహజంగానే ఉన్నాయి.

మరి మన సావనీర్లు? మా సంఘానివి పద్నాలుగు సంచికలున్నాయి, అన్నీ పీడీఎఫ్‌లుగా సైటులో పెట్టాం. అను ఫాంట్లలో కూర్చినవి ఎక్కువ. మీ సంచికల మీద ఒక పరీక్ష చెయ్యండి. పీడీఎఫ్ తెరిచి ఒక తెలుగు వాక్యం కాపీ చేసి, ఈమెయిల్లో పేస్టు చెయ్యండి. తెలుగు వస్తే మంచిది. పిచ్చి గీతలు వస్తే, సెర్చి ఇంజనుకు అందుతున్నదీ ఆ గీతలే. రెండేళ్ళ క్రితం న్యూజెర్సీ నుంచి ఒకావిడ రాశారు. వాళ్ళమ్మగారు తొంభైల్లో మా ఊళ్ళో ఉన్నప్పుడు సంచికలో ఒక కథ రాశారట, అమ్మ పోయాక అది చదవాలనిపించి ఎంత వెతికినా దొరకలేదట, మీ దగ్గర పాత పుస్తకమేమైనా ఉందా అని. ఆ కథ పన్నెండేళ్ళుగా మా సైటులో ఉంది. ఆవిడ అమ్మగారి పేరు, కథ పేరు రెండూ సరిగ్గానే కొట్టారు. ఇప్పుడు మేం ఒక్కొక్క రచనకూ ఒక్కొక్క పేజీ పెట్టి, రచయిత పేరు, రచన పేరు, మొదటి పేరా యూనికోడులో టైపు చేస్తున్నాం. పెద్దవాళ్ళు ముగ్గురు, హైస్కూలు పిల్లలు ఇద్దరు కూర్చున్నారు. అయిదు సంచికలు అయ్యాయి. ఆవిడ అమ్మగారి కథ మొదట చేశాం.

టైపు చేసేటప్పుడు ఒక తగాదా వస్తుంది. "పెళ్ళి" అని రాయాలా "పెళ్లి" అని రాయాలా? వాళ్ళు, వాల్లు గొడవ వేరే. సెర్చి ఇంజన్లు ఇలాంటివి మునుపటికంటే బాగా పోల్చుకుంటున్నాయి గానీ ప్రతిసారీ కాదు. రచయిత రాసింది రచయిత రాసినట్టే ఉంచండి, మీరు రాసే పరిచయ వాక్యంలో రెండో రూపం ఒకసారి వచ్చేట్టు చూడండి. మనుషుల పేర్లు ఇంగ్లీషులో కూడా ఇవ్వండి, ఎందుకంటే మన పిల్లలు తాతగారి పేరు ఇంగ్లీషులోనే వెతుకుతారు. అందులో మళ్ళీ "లక్ష్మి"కి ఎన్ని స్పెల్లింగులో మీకు చెప్పక్కర్లేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, లంచి వాసన వస్తోంది. సైటు ఫోన్లో సరిగా కనపడాలి. 2015 నుంచే ఫోనులో వెతికేవారికి అలాంటి పేజీలను ముందుంచుతున్నారు, ఇప్పుడు గూగుల్ ప్రధానంగా చూసేదే పేజీ ఫోను రూపాన్ని. మెగాబైట్ల కొద్దీ ఫొటోలు మొదటి పేజీలో పెట్టకండి, స్పాన్సర్లు ఎంత అడిగినా సరే. సైటు చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో ఉండాలి. సర్చ్ కన్సోల్ అని గూగుల్ ఉచితంగా ఇచ్చే సాధనం ఉంది, పాత వెబ్‌మాస్టర్ టూల్సే. జనం ఏ మాటలతో మీ దగ్గరకు వస్తున్నారో అది చూపిస్తుంది, నెలకోసారైనా చూడండి.

ఈ మధ్య ఒక అబ్బాయి అడిగాడు, "ఇప్పుడు గూగులే పైన ఏఐతో జవాబు రాసి ఇచ్చేస్తోంది, చాట్‌జీపీటీ ఉంది, ఇంకా ఈ ర్యాంకింగు గోల ఎందుకండీ?" అని. ఆ జవాబులు కూడా ఎక్కడో ఒకచోట ఎవరో రాసిన పేజీల్లోంచే అల్లుతారు. మన పేజీలో ఉన్న నంబరు తప్పయితే అక్కడా తప్పే వస్తుంది. మా పేజీలో ఒకప్పుడు ఒక వాలంటీరు నంబరు ఉండేది, ఆయన హైదరాబాదు తిరిగి వెళ్ళిపోయాక ఏడాదిపాటు ఎవరూ మార్చలేదు. ఆ ఏడాది ఎంతమంది ఆ నంబరుకు చేశారో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఇప్పుడు పేజీ పైన "ఈ వివరాలు సరిచూసిన తేదీ" అని ఒక వరస ఉంటుంది. ప్రతి మూడు నెలలకూ ఎవరో ఒకరు ఆ నంబర్లన్నిటికీ స్వయంగా ఫోను చేసి, అవతల మనిషి ఎత్తాక, ఆ తేదీ మారుస్తారు.

పోయిన చలికాలంలో ఒక ఫోను వచ్చింది. ఈసారి రాత్రి కాదు, సాయంత్రం అయిదింటికి. ప్రమాదం జరిగింది ఆ ఉదయమే. ఒకమ్మాయి, పేజీ తెరిచి పెట్టుకుని మాట్లాడుతోంది. "అంకుల్, ఇక్కడ రెండో పాయింటులో రాసిన ఆఫీసుకు ఫోను చేశాను, మూడోది నాకు అర్థం కాలేదు" అంది. మా బృందంలో ఒకాయన అప్పుడే కారు తీశారు.

లంచి తరువాత మూడింటి దాకా నేను రిజిస్ట్రేషను బల్ల పక్కన ల్యాప్‌టాపు పెట్టుకుని కూర్చుంటాను. మీ సంఘం వెబ్‌సైటు చిరునామా, దాని పాస్‌వర్డు తెలిసిన మనిషి, ఇద్దర్నీ తీసుకుని రండి. టైటిళ్ళలో "హోమ్" ఉంటే అక్కడే కూర్చుని మార్చేద్దాం.